ఇంట్లో పగడాల తొట్టి

చేపల తొట్టిలో ఉప్పు కలిపినంత మాత్రాన అది పగడాల తొట్టి అయిపోదు. మంచినీటి తొట్టిలో చేపలే ముఖ్యం. రాళ్లు, మొక్కలు, నీళ్లు అన్నీ వాటికోసం అమర్చేవి. పగడాల తొట్టిలో ముందు నీళ్లు సిద్ధం కావాలి, తరువాత రాళ్లు, ఆ తరువాతే ప్రాణులు. ఈ వరస తప్పి, కొన్న రోజునే చేపలు వదిలిన తొట్టి మొదటి రెండు మూడు నెలల్లో పాడైపోవడం మామూలు.

పగడం మొక్కలా కొమ్మలు వేసినా, రాయిలా గట్టిగా ఉన్నా, అది జంతువు. ఒక్కో పగడంలో చిన్న చిన్న నోళ్లున్న పాలిప్‌లు వందల సంఖ్యలో కలిసి బతుకుతాయి. వాటి కణాల్లోపల జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. ఆ శైవలాలు వెలుతురుతో చక్కెరలు తయారుచేసి పగడానికి పెడతాయి. లోతు తక్కువ సముద్రంలోని చాలా పగడాలకు కావలసిన శక్తిలో నూటికి తొంభై పాళ్ల దాకా ఇలాగే అందుతుంది. అందుకే వాటికి తేటనీరు, మంచి వెలుతురు, పెద్దగా మారని వేడి, మారని ఉప్పదనం కావాలి. మన దేశంలో పగడపు దిబ్బలు పెరిగిన ముఖ్యమైన చోట్లు మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు, కచ్ సింధుశాఖ. ఆంధ్ర తీరంలో అలాంటి పెద్ద దిబ్బలు లేకపోవడానికి ఒక ముఖ్య కారణం గోదావరి, కృష్ణ నదులే. అవి ఏటా తెచ్చిపోసే మంచినీరు ఉప్పదనాన్ని తగ్గిస్తుంది, ఒండ్రు వెలుతురును ఆపుతుంది.

సముద్రం పెద్దది కాబట్టి దానిలో మార్పు నెమ్మదిగా వస్తుంది. తొట్టి చిన్నది కాబట్టి దానిలో మార్పు గంటల్లో వస్తుంది. తొలి తొట్టికి చిన్నదే సులువని చాలామంది ఇరవై, ముప్పై లీటర్ల దానితో మొదలుపెడతారు. నిజానికి తొట్టి చిన్నదయ్యేకొద్దీ పని కష్టమవుతుంది. కాస్త మేత ఎక్కువైనా, ఒక నత్త కనబడకుండా చచ్చిపోయినా చిన్న తొట్టి తట్టుకోలేదు. కొత్తవారికి వంద లీటర్ల తొట్టి సరైనది. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న గాజుతొట్టి 121 లీటర్లు పడుతుంది. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా నికరంగా నీళ్లు వంద లీటర్లకు కాస్త తక్కువే ఉంటాయి. గాజు, నీళ్లు, రాళ్లు అన్నీ కలిపితే బరువు 150 కిలోలు దాటుతుంది. కాబట్టి టీవీ బల్లలు, పుస్తకాల అరలు దీనికి పనికిరావు. ఇనుప స్టాండు గానీ, గట్టి చెక్క స్టాండు గానీ చేయించాలి. దానిపై లెవెల్ సరిచూశాకే తొట్టి ఎక్కించాలి. కిటికీ ఎండ సూటిగా పడే చోటు వద్దు. ఆ ఎండ నీటిని వేడెక్కిస్తుంది, నాచును పెంచుతుంది.

ఉప్పునీరు కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది. చెయ్యి నీటిలో ఉండగా ఒక పంపు చెడితే ప్రమాదం ప్రాణాల మీదికి వస్తుంది. ప్లగ్గులన్నీ ఎర్తింగ్ సరిగా ఉన్న బోర్డుకే పెట్టాలి. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైనును ఆపేసే స్విచ్చు, ఉండితీరాలి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వంగి, మళ్లీ పైకి ఎక్కేలా అమర్చాలి. అప్పుడు వైరు వెంట జారిన ఉప్పునీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి చేరదు.

ఇక నీటి సంగతి. తెలుగు రాష్ట్రాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల కఠినజలమే. మున్సిపాలిటీ నీటిలో క్లోరిన్ ఉంటుంది. రెండింటిలోనూ కంటికి కనిపించని నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా, ఒక్కోసారి పైపుల నుంచి వచ్చిన రాగి ఉండవచ్చు. తాగడానికి బాగానే ఉన్న నీరు పగడాలకు బాగుండదు. ఇంట్లో ఉండే ఆర్‌ఓ ప్యూరిఫయర్ దారిలో సగం వరకే తీసుకెళ్తుంది. పైగా చాలా ప్యూరిఫయర్లలో రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్లీ కలిపే టీడీఎస్ కంట్రోలరు, ఖనిజాలు కలిపే గొట్టం ఉంటాయి. ఈ రెండూ దాటకముందే, ఆర్‌ఓ పొర నుంచి వచ్చే నీటిని పట్టాలి. దాన్ని డీఅయొనైజేషన్ రెసిన్ గుండా పంపాలి. చివర, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. పది చూపిస్తే పదేగా అని వదిలేయకూడదు. ఆవిరైన నీటికి బదులు అదే నీరు రోజూ పోస్తుంటే ఆ పదీ పేరుకుంటూనే ఉంటుంది.

విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉన్నవారికి సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడమెందుకన్న ఆలోచన వస్తుంది. ఒడ్డున దొరికే నీటిలో మురుగు, నూనె, ఇసుక ఉంటాయి. బకెట్లో పట్టిన గంటల్లోనే దానిలోని సూక్ష్మజీవులు చచ్చి నీరు చెడుతుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి: బంగాళాఖాతం ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. నైరుతి వానల తరువాత నదులన్నీ నిండుగా వచ్చి కలిసే రోజుల్లో తీరం దగ్గర అది వెయ్యికి ముప్పై కంటే కిందికి దిగుతుంది. పగడాలకు కావలసింది 35.

కల్లుప్పు వేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఉప్పు మడుల్లోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా నౌపడాలో, బాపట్ల వైపు చినగంజాంలో సముద్రపు నీటిని మడుల్లోకి పెట్టి ఎండబెడతారు. నీరు చిక్కబడేకొద్దీ ముందు సున్నపు లవణాలు, జిప్సం అడుగున పేరుకుంటాయి. తరువాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం లవణాలు చివర మిగిలిన చేదునీటిలో ఉండిపోతాయి, ఆ నీటిని తీసేస్తారు. అంటే కూరలో పడే ఉప్పు సముద్రంలో ఒక భాగం మాత్రమే. పగడం ఎముకగూడు కట్టుకోవడానికి కావలసిన కాల్షియం ముందే, మెగ్నీషియం వెనకే వెళ్లిపోయాయి. ప్యాకెట్ ఉప్పులోనైతే అయోడిన్‌తోపాటు ఉప్పు గడ్డకట్టకుండా వేసే పదార్థం కూడా ఉంటుంది. కాబట్టి అక్వేరియం కోసం ప్రత్యేకంగా తయారయ్యే సముద్ర లవణాల మిశ్రమమే వాడాలి. లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది. డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, పంపు తిప్పుతూ ఉప్పును కొద్దికొద్దిగా వెయ్యాలి. ఉప్పు పోసి దానిపై నీళ్లు పోస్తే అడుగున ద్రావణం చిక్కబడి కాల్షియం తెల్లటి మడ్డిగా విడిపోతుంది. ఆ మడ్డి మళ్లీ కరగదు. ఒక రోజు తిరగనిచ్చి, రిఫ్రాక్టోమీటర్‌తో కొలవాలి. ఆ మీటరును 35 ఉప్పదనమున్న ప్రమాణ ద్రావణంతో ముందు సరిచూసుకోవాలి.

రాళ్లు ఈ తొట్టికి అందం కోసం కాదు. వాటిలోని సన్నని రంధ్రాల్లోనే నీటిని శుభ్రంచేసే బ్యాక్టీరియా ఉంటుంది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతిని రాశాడు. సముద్రం నుంచి తెచ్చిన సజీవమైన రాళ్లు, కొద్దిగా గాలి బుడగలు, ఎండ వెలుతురు ఉంటే చాలు, పగడాలు బతుకుతాయన్నాడు. తరువాతి దశాబ్దంలో బెర్లిన్‌లోని అక్వేరియం ప్రియులు ఆ రాళ్లకు నురగ తీసే ప్రోటీన్ స్కిమ్మరును, శక్తిమంతమైన దీపాలను జోడించారు. ఈనాటి తొట్టెలన్నీ ఆ దారిలోవే. భారతదేశంలో మాత్రం సముద్రం నుంచి పగడపు రాయి తీయడం నేరం. ఇక్కడ కృత్రిమంగా తయారుచేసిన సిరామిక్ రాయి, సున్నపు రాయి వాడాలి. వంద లీటర్లకు పది, పన్నెండు కిలోలు సరిపోతాయి. రాళ్లను గోడలా పేర్చకూడదు. మధ్యలో సందులుంచి, వెనక నీరు ఆడేలా పేర్చి, తొట్టి గాజు మీదే నేరుగా నిలబెట్టాలి. ఆ తరువాతే చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మందాన అరగోనైట్ ఇసుక పొయ్యాలి. ఇసుక మీద నిలబెట్టిన రాయి కింద చేపలు తవ్వితే ఒకరోజు దొర్లి అద్దం పగులుతుంది. బీచ్ ఇసుక వాడకూడదు. భీమునిపట్నం వైపు తీరపు ఇసుకలోని నల్లచారలు ఇల్మనైట్ వంటి లోహ ఖనిజాలు.

పగడాలు కదలలేవు కాబట్టి నీరే వాటి దగ్గరికి కదలాలి. గంటకు తొట్టి నీటికి ఇరవై నుంచి ముప్పై రెట్లు, అంటే రెండు మూడు వేల లీటర్లు తిప్పే వేవ్‌మేకరు కావాలి. నీటి పైభాగం ఎప్పుడూ అలలుగా కదులుతుండాలి, ఎందుకంటే ప్రాణవాయువు లోపలికి వెళ్లేది అక్కడినుంచే. 1846లో ఇంగ్లండు తీరం నుంచి పగడాలను లండన్ తెచ్చి బతికించిన అన్నా థిన్ అనే ఆవిడకు పంపులు లేవు. తెరిచిన కిటికీ ముందు సముద్రపు నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి రోజూ చాలాసేపు పోయించేది. అదే సూత్రం ఇప్పుడు కరెంటుతో నడుస్తోంది. 25 డిగ్రీల దగ్గర ఉప్పునీరు మంచినీటి కంటే అయిదో వంతు తక్కువ ప్రాణవాయువును పట్టుకుంటుంది. కాబట్టి కరెంటు పోతే మొదట వచ్చే ఇబ్బంది ఊపిరిదే. ఇన్వర్టరుకు వేవ్‌మేకరు ఒక్కటి కలిపినా చాలు. లేదా బ్యాటరీతో నడిచే గాలిపంపు దగ్గరుంచుకోవాలి. స్కిమ్మరు మంచిదే కానీ, వారం వారం నీళ్లు మార్చే వంద లీటర్ల తొట్టికి తప్పనిసరి కాదు. దీపం నీలం ఎక్కువగా ఉన్న ఎల్‌ఈడీ అయితే మేలు. మొదట తక్కువ తీవ్రతతో మొదలుపెట్టి, రోజుకు ఎనిమిది గంటలు టైమరు మీద వెలిగించాలి.

దక్షిణ భారతంలో పగడాల తొట్టికి పెద్ద శత్రువు వేడి. నీరు 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. సముద్రంలోనే, మామూలు వేసవి వేడి కంటే నీరు ఒక డిగ్రీ ఎక్కువై వారాల తరబడి ఉంటే, పగడాలు తమలోని శైవలాలను బయటికి తోసేసి తెల్లబడతాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016 సంవత్సరాల్లో జరిగింది అదే. మే నెలలో హైదరాబాద్‌లో గది వేడి 34, 35 డిగ్రీలుంటే తొట్టి కూడా అక్కడికే చేరుతుంది. దీపం, పంపుల వేడి దీనికి అదనం. నీటిపై చిన్న ఫ్యాను తిప్పితే నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది. హైదరాబాద్ పొడిగాలిలో ఇది మూడు నాలుగు డిగ్రీలు తగ్గిస్తుంది. విశాఖ, మచిలీపట్నం ఉక్కపోతలో ఆవిరి కావడమే తక్కువ కాబట్టి ఒకటి రెండు డిగ్రీలకు మించి ఆశించలేం. కోస్తాలో పగలూ రాత్రీ ఏసీ నడవని ఇంట్లో నీటిని చల్లబరిచే చిల్లరు లేకుండా పగడాలు పెట్టకపోవడమే న్యాయం. ఇది ఖర్చుతో కూడిన మాటే. అయినా తొట్టి కొనేముందే తేల్చుకోవలసిన మాట. డిసెంబరు, జనవరి రాత్రుల కోసం వంద వాట్ల హీటరు కూడా ఉంచాలి.

ఫ్యాను వల్ల మరో పని పెరుగుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. వంద లీటర్ల తొట్టిలో రోజుకు రెండు లీటర్లు ఆవిరైతే 35 ఉన్న ఉప్పదనం మర్నాటికి 35.7 అవుతుంది. అయిదు రోజులు పట్టించుకోకపోతే 39కి చేరువవుతుంది. కాబట్టి తొట్టి అంచున ఒక గీత గీసి, నీరు దానికంటే దిగినప్పుడల్లా మంచినీరు, అంటే ఉప్పు కలపని ఆ శుద్ధ జలం, పొయ్యాలి. ఫ్లోటు సాయంతో ఈ పని తనంతట తానే చేసే పరికరాలు దొరుకుతాయి. తొలి తొట్టికి స్కిమ్మరు కంటే ముందు కొనవలసింది ఇదే.

నీళ్లు, రాళ్లు, పంపులు సిద్ధమయ్యాక తొట్టి నెల పైగా ఖాళీగా ఉండాలి. ఖాళీగా కనిపిస్తుందే కానీ అసలు పని అప్పుడే జరుగుతుంది. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. సముద్రపు నీటి పీహెచ్ 8.2 ప్రాంతంలో ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే ఇక్కడ అమ్మోనియాలో విషపూరితమైన వాయురూపం పది రెట్లకు పైగా ఎక్కువ. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ నేలలో గుర్తించిన వ్యవస్థే ఇది. పొలంలో యూరియా నైట్రేట్‌గా మారేదీ ఈ దారినే. కొత్త రాయి మీద ఈ సూక్ష్మజీవులు ఉండవు. బాగా నడుస్తున్న తొట్టి నుంచి పిడికెడు రాయిముక్క తెచ్చి వేస్తే పాలలో తోడు వేసినట్టు పని మొదలవుతుంది. అది దొరక్కపోతే సీసాలో అమ్మే బ్యాక్టీరియా ద్రావణం వాడవచ్చు. దానికి ఆహారంగా లీటరుకు రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చేలా అమ్మోనియం క్లోరైడ్ వెయ్యాలి.

ఆ తరువాత రెండు మూడు రోజులకోసారి పరీక్షనాళికలో నీరు పట్టి, చుక్కలు వేసి, రంగు చూడాలి. మొదటి వారంలో అమ్మోనియా నాళిక ముదురు ఆకుపచ్చగా ఉండిపోతుంది. రెండో, మూడో వారంలో ఆ పచ్చదనం తగ్గి, నైట్రైట్ నాళిక ఊదారంగుకు తిరుగుతుంది. తరువాత అదీ వెలిసిపోయి నైట్రేట్ పెరుగుతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మళ్లీ రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా వేసి, ఇరవైనాలుగు గంటల్లో అది సున్నాకు దిగితే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు మూడో వంతు నీరు మార్చాలి. చేపను వదిలి దాని విసర్జనతో ఈ పని సాగించడం పాత అలవాటు. ఆ చేప మొప్పలు కాలిపోతూ వారాలపాటు బాధపడుతుంది. ఆ పద్ధతి మానెయ్యాలి.

దీపాలు వెలిగాక రాళ్లకు, ఇసుకకు గోధుమరంగు జిగురు పడుతుంది. అవి డయాటమ్‌లు. నీటిలోని సిలికా అయిపోగానే తగ్గుతాయి. తరువాత పచ్చని వెంట్రుకల్లాంటి నాచు వస్తుంది. ఈ దశ రెండు మూడు నెలలు సాగుతుంది. చాలామంది ఇక్కడే నిరాశపడి మందులు పోస్తారు. మందు అక్కరలేదు. ట్రోకస్, టర్బో జాతుల నత్తలు నాలుగైదు వదలాలి, చేతికందిన నాచును పీకెయ్యాలి, దీపం సమయం కాస్త తగ్గించాలి. రాగి ఉన్న మందు మాత్రం ఈ తొట్టిలో ఒక్క చుక్క కూడా పడకూడదు. చేపల జబ్బుకు అది పనిచేసినా నత్తలను, రొయ్యలను, పగడాలను చంపుతుంది.

పగడాలు కొనేముందు చట్టం తెలియాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, నిప్పు పగడాలను, సముద్రపు విసనకర్రలను చేర్చారు. సముద్రపు గుర్రాలనూ అప్పుడే చేర్చారు. బతికినదైనా, చచ్చినదైనా పులిచర్మానికి ఉన్నంత రక్షణే వాటికీ ఉంది. రామేశ్వరం ఒడ్డున ఏరుకున్న తెల్లటి పగడపు ముక్క కూడా ఇందులోకే వస్తుంది. అందుకే తొలి తొట్టిని మెత్తని జాతులతో నింపడం చట్టానికీ సరిపోతుంది, కొత్తవారి అనుభవానికీ సరిపోతుంది. పుట్టగొడుగు ఆకారంలో పెరిగే డిస్కోసోమా, జొయాంథిడ్‌లు, తోలులా ఉండే సార్కోఫైటాన్ తక్కువ వెలుతురులో, కొంచెం నైట్రేట్ ఉన్న నీటిలో కూడా హాయిగా పెరుగుతాయి. వాటికీ బిల్లు, ఎక్కడినుంచి వచ్చాయన్న వివరం అడిగి తీసుకోవాలి. జొయాంథిడ్‌లను, వాటి దాయాదులైన పాలిథోవాలను ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కంటి అద్దాలు ఉండాలి. 1971లో హవాయిలో వేరుచేసిన పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం వీటిలో కొన్నిటిలో ఉంటుంది. అవి పట్టిన రాయిని ఎప్పుడూ వేడినీటిలో మరిగించకూడదు. ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రుల పాలైనవారున్నారు.

చేపల్లో మొదట తీసుకోదగ్గది క్లౌన్‌ఫిష్ జంట. ఇంకా ఒక గోబీ చేరితే వంద లీటర్లకు చాలు. సముద్రంలో పట్టిన చేపలను కొనకపోవడం మంచిది. ఫిలిప్పీన్స్, ఇండొనేషియా దిబ్బల్లో సయనైడ్ చల్లి, మత్తెక్కిన చేపలను పట్టే దుర్మార్గం దశాబ్దాలుగా సాగింది. క్లౌన్‌ఫిష్‌ను గుడ్డు నుంచి పెంచే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాల్లో అభివృద్ధి చేసింది. కాబట్టి మన దేశపు హాచరీల పిల్లలే దొరుకుతాయి. ఈ చేపలన్నీ మగవిగానే పుడతాయి. జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకుంటే పోట్లాట తక్కువ. సముద్రంలో అవి ఆశ్రయించే అనిమోన్ తొట్టిలో తప్పనిసరి కాదు. అనిమోన్ ఏడాది నిండిన తొట్టిలోకే రావాలి. పిల్లల సినిమాల్లో కనిపించే నీలం టాంగ్ చేప ముప్పై సెంటీమీటర్లు పెరుగుతుంది, ఈ తొట్టిలో దానికి చోటు లేదు. కొత్త చేపను వేరే తొట్టిలో నెల రోజులు ఉంచి చూశాకే లోపలికి వదలాలి. తెల్లమచ్చల జబ్బు ఒకసారి పగడాల తొట్టిలోకి చేరితే, చేపలన్నిటినీ బయటికి తీసి రెండున్నర నెలలు తొట్టిని చేపలు లేకుండా ఉంచడం తప్ప నమ్మకమైన దారి లేదు.

నడుస్తున్న తొట్టికి వారానికి గంట పని. పది లీటర్ల పాత నీటిని తీసి, ముందురోజే కలిపి, అదే వేడికి తెచ్చిన పది లీటర్లు పొయ్యాలి. ఉప్పదనం, ఆల్కలినిటీ, నైట్రేట్ చూసి పుస్తకంలో రాసుకోవాలి. ఆల్కలినిటీ 8, 9 డీకేహెచ్, కాల్షియం లీటరుకు 400 నుంచి 440 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,300 ప్రాంతంలో ఉంటే చాలు. అంకె కొంచెం అటూ ఇటూ ఉన్నా పగడం అలవాటు పడుతుంది. ఆ అంకెను ఒక్క రోజులో సరిచెయ్యబోతేనే దెబ్బతింటుంది.

సంక్రాంతికో, పెళ్లికో వారం రోజులు ఊరెళ్లవలసి వస్తే ఫ్లోటు పరికరానికి నీరందించే శుద్ధజలం డ్రమ్ము నింపి, ఫ్లోటు సరిగా పనిచేస్తోందని చూసి బయలుదేరాలి. మేత వేసే బాధ్యత పక్కింటివారికి అప్పగిస్తే డబ్బా చేతికివ్వకూడదు. ఒక్కో పూటకు చిటికెడు చొప్పున కాగితం పొట్లాలు కట్టి, రోజు విడిచి రోజుకు ఒకటి వెయ్యమనాలి.